వన్‌వేకు ఎదురచ్చిన పిల్ల

గా దినాలల్ల మా కోరుట్లల ఎవల నోట విన్నా రెండే ముచ్చట్లు. వీసా అచ్చిందా, బండి కొన్నరా. గల్ఫు పైసలతోని ఇంటికో బండి దిగింది గని, తొవ్వ మాత్రం ఎడ్లబండ్ల నాటిదే. (వెడల్పు చేస్తమని ప్రతి ఎలక్షన్ల చెప్పేటోళ్లు. చెప్పుడే.) గప్పుడు పట్నం నుంచి ట్రాఫిక్ ప్లానుకు ఒక సారు దిగిండు. డిగ్రీ పాసై ఇంట్ల బీడీలు చేసుకుంట కూసున్న నన్ను హెల్పరుగ పెట్టుకున్నడు. మెడల కార్డు, చేతుల ఎర్రజెండా. నా నడకే మారిపోయింది. ఎవలన్న పలకరిస్తె "డ్యూటీల ఉన్న" అంటుంటి.

సారు మా బజారు తొవ్వను వన్‌వే చేసిండు. బండ్లే కాదు, నడిచేటోళ్లు సుత ఒక్క దిక్కే పోవాలెనని తాళ్లు కట్టిచ్చిండు. ట్రయల్ మంచిగ నడిస్తె నాకు నౌకరి పక్కా అన్నడు. ఇగ చూడున్రి, తొవ్వ కొసకు నిలబడి ఎదురచ్చినోళ్లనందర్ని మర్లగొడుతుంటి. మా మేనత్తను సుత కూరగాయల సంచితోని ఊరంత తిప్పి పంపిన. ఆమె తిట్టిన తిట్లు రాస్తె అచ్చు వెయ్యరు.

గా వారంలనే మా అన్న మస్కట్ పోవుడు. సిరిసిల్లల సాంచాలు బందువడి, నేతపని లేక ఇంటికచ్చి కూసున్నడు పాపం. జగిత్యాలల బొంబాయి బస్సు ఎక్కాలె. గది తప్పితె విమానం తప్పుతది, వీసా మురుగుతది. అన్న ఎక్కిన జీపు మా ఇంటి ముంగట్నుంచి కొంచెం కదిలి ఆగింది. వెనుక ఆటోలు, ట్రాక్టర్లు, ఒకటే హారన్లు. "ఏంటమ్మా అది, వెళ్లి చూడు" అని సారు నన్ను తోలిండు.

పోయి చూస్తె ఇంకేముంది, మా అవ్వ జీపుకు అడ్డం నిలవడ్డది. "మంచి మనిషి ఎదురు రావాలె. రానిదే నా కొడుకును కదలనియ్య."

"అవ్వా, ఇది వన్‌వే. ఎవలూ ఎదురు రారు" అన్న.

గంతల్నె సారు ఉరికచ్చిండు. అవ్వ ఆయననే నిలదీసింది. "తొవ్వ గీసినవు సరే సారూ, మనిషికి మనిషి ఎదురువడే జాగ ఏది?" సారు పాపం నిజంగనే ప్లాను విప్పి చూసిండు. గందుల లేదు.

అన్న గడియారం చూసి నా దిక్కు చూసిండు. జెండా సారు చేతుల పెట్టి, పక్క హోటల్ల బిందె గుంజుకొని ఉరికిన. "ఓసి పిచ్చిదానా, ఖాళీ బిందెతోని రాకే!" అని అవ్వ మొత్తుకుంది. మర్లిపోయి నింపుకొని, తాడు కిందికెళ్లి దూరి, తొవ్వ నడిమిట్ల ఎదురు నడిచిన.

"నీ ఉద్యోగం పోతుంది!" అని సారు అరిసిండు.

"పోనియ్యున్రి! మా ఇంటి ముంగట మేం ఎటు నడవాల్నో మీరు చెప్పుడేంది?" అన్న.

ఆటోలోళ్లు ఈలలేసిన్రు. సగం నీళ్లు నా మీదనే ఒలికినయి. జీపు కదిలింది. బస్సు దొరికింది, నౌకరి గా పొద్దే ఊడింది.

నా ఎదురు అంత గొప్పదేం కాదు లెండి. కంపెనీ మోసం చేసి, ఏడాది తిరగకముందే అన్న ఉత్త చేతులతోని మర్లచ్చిండు. "నేను ఎదురచ్చిన ఫలం అవ్వా" అని ఏడ్చిన. అవ్వకు కోపమచ్చింది. "మన వాడకట్టుల ఎందరు శవాలై పెట్టెలల్ల అచ్చిన్రే? నా కొడుకు నడుసుకుంట అచ్చిండు. గది చాలదా?"

ఇప్పుడు మళ్ల ఊరికి కొత్త ప్లాన్లు, మీటింగులు. పిలవకున్నా పోత. "నడిచేటోళ్ల సంగతేంది సారూ?" అని అడుగుత. మైకు గుంజుకుంటరు. గుంజుకోనీ, నా గొంతుకు మైకెందుకు? "గీ వయసుల నీకెందుకమ్మా గీ కొట్లాటలు" అని నా బిడ్డ నవ్వుతది. నిజమే, మోకాళ్లు నొస్తున్నయి. కుర్చీల నుంచి లేవాల్నంటె ఒగలు చెయ్యియ్యాలె. అయినా లేస్త.