డిక్కీలో పెట్టించిన సంచి

2023 ఫిబ్రవరి నాటికి పార్టీ బస్సులో హోస్ట్‌గా నాకు నాలుగేళ్ల అనుభవం ఉంది, కరోనాలో బస్సు షెడ్డులో పడుకున్న రోజులు తీసేస్తే. హోస్ట్ అంటే ఏం చేస్తారని చాలామంది అడుగుతారు. వచ్చినవాళ్లను ఎక్కించాలి, తలలు లెక్కపెట్టాలి, పాటలూ దీపాలూ చూసుకోవాలి, బ్రేకు పడినప్పుడు ఎవరూ పడిపోకుండా పట్టుకోవాలి, చివర్లో అందరినీ దించి, మరిచిపోయిన వస్తువులు ఏరాలి. కండక్టర్ ఉద్యోగానికి లిప్‌స్టిక్ పూశారని మా ఆయన వేళాకోళం చేస్తాడు. నేను పుట్టి పెరిగింది బెంగళూరు కాడుగోడిలో. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. ఆడవాళ్ల గ్రూపులు బుక్ చేస్తే లేడీ హోస్టే కావాలంటారు కాబట్టి ఆదివారాలు నాకు తీరిక ఉండేది కాదు.

మా బస్సు లోపల మామూలు బస్సులా ఉండదు. సీట్లు గోడల వెంబడి ఎదురెదురుగా ఉంటాయి. దీన్ని లాంజ్ సీటింగ్ అంటారు. మధ్యలో ఆడడానికి ఖాళీ జాగా, కింద రంగులు మారే నేల, పైన తిరిగే దీపాలు, తెరుచుకోని అద్దాలు, గట్టి ఏసీ. మా బస్సంటే నాకు గర్వమే. ప్రతి ట్రిప్పుకు ముందు మల్లెపూల వాసన వచ్చే స్ప్రే నా చేతులతో నేనే కొట్టేదాన్ని.

బుక్ చేసినవాళ్లకు రెండు రోజుల ముందు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపుతాను, ఏం తెచ్చుకోవాలో చెప్తూ. హీల్స్ వద్దు, మడమకు అంటుకుని ఉండే చెప్పులు వేసుకోండి. ఏసీకి ఒక శాలువా, జుట్టుకు రబ్బరు బ్యాండు, పవర్ బ్యాంకు, గుర్తింపు కార్డు, ఎవరి నీళ్ల బాటిల్ వాళ్లది. ఫోను పట్టే పర్సు ఒక్కటే పైకి, మిగతా సంచులన్నీ డిక్కీలోకి. ఈ చివరి రూలు నేను పట్టుబట్టి పెట్టించింది. ఒకసారి ఎవరి బ్యాగు పట్టీలోనో కాలు తగులుకుని ఒకమ్మాయి ముందు పన్ను విరిగింది. ఆనాటి నుంచి నా బస్సులో నేల మీద సంచి కనిపిస్తే నాకు పూనకం వచ్చేది.

వాంతుల మాట మాత్రం ఆ మెసేజ్‌లో ఎప్పుడూ రాయలేదు. పార్టీకి పిలుస్తూ వాంతుల సంగతి ఎవరైనా రాస్తారా అని నా ఉద్దేశం.

ఆ ఆదివారం బుక్ చేసింది బెంగళూరు శివార్లలో, జిగణిలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ ఆడవాళ్లు. రెయిన్‌కోట్లు కుట్టే ఫ్యాక్టరీ అది. ఒకే కుట్టుమిషన్ల లైనులో పనిచేసే పద్నాలుగు మంది కలిసి, రిటైరవుతున్న రత్నమ్మ అనే పెద్దావిడ కోసం బస్సు మాట్లాడుకున్నారు. పార్టీ బస్సంటే ఐటీ పిల్లలే ఎక్కుతారనుకునే నాకు ఆ ఫోను వచ్చినప్పుడే ముచ్చటేసింది. మాట్లాడింది నాగవేణి, ఆ లైనుకు సూపర్‌వైజరు. వాళ్ల కోరిక ఒక్కటే. సాయంత్రం ఐదున్నరకు బయల్దేరి, దీపాలు వెలుగుతుండగా కర్ణాటక అసెంబ్లీ నడిచే విధానసౌధ చూపించి, తొమ్మిదిన్నరకల్లా జిగణిలో దించాలి. ఆదివారాల్లో దీపాలు పెడతారు కానీ ఎనిమిదిన్నర దాటితే ఉంటాయో లేదో నమ్మకం లేదు. రత్నమ్మ హోసూరు వైపు పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు జిగణిలోనే కాలర్లు కుట్టింది. విధానసౌధ మాత్రం క్యాలెండర్‌లో తప్ప చూడలేదట. ఎందుకు చూడలేదో నాగవేణి చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందరూ పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చారు. నా మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా పాటించారు. అందరి కాళ్లకూ పట్టీ చెప్పులే, చేతుల్లో చిన్న పర్సులే. నాగవేణి దగ్గర మాత్రం పెద్ద గుడ్డసంచి ఒకటి ఉంది. దాన్ని వెనకాల దాచుకుంటూ ఎక్కబోయింది. నేను మెట్టు మీదే ఆపాను. ఈ ఒక్కటి పైన ఉండనివ్వండి మేడమ్ అని రెండుసార్లు బతిమాలింది. చిత్రాన్నం గిన్నెలేవో అనుకుని, రూలు అందరికీ ఒకటేనన్నాను. ఏదో చెప్పబోయి, రత్నమ్మ వైపు చూసి ఊరుకుంది. సంచి డిక్కీలోకి పోయింది. డ్రైవర్ మునిరాజు తాళం వేశాడు.

రత్నమ్మ సన్నగా, పొట్టిగా ఉంటుంది. అందరూ కేరింతలు కొడుతుంటే ఆవిడ మాత్రం సీటు అంచున కూర్చుని, ఎదుటి గోడ వైపు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకుంది. కొత్త కదా, బెరుకేమో అనుకున్నాను. బెరుకు పోగొట్టడం హోస్ట్ పని కాబట్టి పాట పెంచాను, దీపాలు తిప్పాను, ఆడవాళ్లు మెచ్చుకుంటారని మల్లె స్ప్రే ఇంకో రెండుసార్లు కొట్టాను.

ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర బస్సు పెద్ద ఫ్లైఓవర్ ఎక్కింది. అది ఒకసారి ఎక్కితే సిల్క్ బోర్డు దాకా బండి ఆపడానికి వీల్లేదు. ఎక్కిన రెండు నిమిషాలకే నాగవేణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మేడమ్, ఆ సంచి కావాల. అక్కకు వాంతులయితాండాయి.”

సంచి డిక్కీలో ఉంది. డిక్కీ తియ్యాలంటే బండి ఆగాలి. బండి ఆగాలంటే ఇంకా తొమ్మిది కిలోమీటర్లు పోవాలి. రత్నమ్మ కొంగు నోటికి అదుముకుని ముందుకు వాలిపోయింది. చేతికి దొరికింది కూల్‌డ్రింకుల కోసం పెట్టుకున్న స్టీలు ఐస్ బకెట్టు. ఐసు పక్కనున్న చిన్న సింకులో పారేసి దాన్నే ఆవిడ ముందు పట్టాను. అప్పటికే ఆలస్యమైంది, కొత్త పట్టుచీర కుచ్చిళ్లు సగం పాడయ్యాయి.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. రత్నమ్మకు బస్సు పడదు. కారూ పడదు. ఊరికి పోవాలంటే ఎవరి స్కూటరు మీదో స్టేషన్‌కు వెళ్లి రైలెక్కుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు ఏటా తీసుకెళ్లే టూర్లకు ఒక్కసారీ వెళ్లలేదు. ఈ బస్సు ఎక్కమని లైనంతా నెల రోజులు ఆవిడను బతిమాలారు. చెప్తే మేము ఆవిడను ఎక్కించుకోమేమో అని నాకు చెప్పలేదు. పొద్దుటి నుంచి ఆవిడ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట. గాలాడని అద్దాలు, అడ్డం కూర్చోబెట్టే సీట్లు, తిరిగే దీపాలు, మల్లెల ఘాటు. ఆవిడను పడగొట్టడానికి ఎవరో పనిగట్టుకుని తయారుచేసినట్టుంది నా బస్సు. నాకు చాలా సిగ్గేసింది. పాట ఆపాను, దీపాలు ఆర్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఇంకేం చెయ్యను?

సిల్క్ బోర్డు దిగాక మునిరాజు ఒక పక్కన బండి ఆపాడు. రత్నమ్మ నా భుజం పట్టుకుని కిందికి దిగి కాలిబాట మీద కూలబడింది. డిక్కీ తీశాం. నాగవేణి సంచిలోంచి మడతపెట్టిన పాత చీర తీసి, మిగతావాళ్లు గుండ్రంగా నిలబడి అడ్డం పెడితే ఆవిడకు కట్టింది. మార్చుకోవడం అయ్యాక రత్నమ్మ మెల్లగా అంది.

“మీరు పోయి చూసి రాండమ్మా. నేను ఈడనే కూసుంటాను. మళ్లా వచ్చేటప్పుడు ఎక్కించుకోండి. నా మొగానికి ఇదంతా యాల?”

ఒక్కొక్కరే వచ్చి పట్టుచీరలతోనే ఆవిడ పక్కన కాలిబాట మీద కూర్చున్నారు, పద్నాలుగు మందీ. ఆవిడ రాకపోతే ఎవరూ కదలరు. ఏడు కావస్తోంది. ఈ సాయంత్రం ఇక్కడే చెడిపోతే ఆవిడ జన్మలో మళ్లీ బస్సెక్కదని అందరికీ తెలుసు. చెడగొట్టింది నేనేనని నాకు తెలుసు.

నాగవేణి సంచిని కాలిబాట మీద బోర్లించింది. నిమ్మకాయలు, ఉప్పులో ఊరిన అల్లం ముక్కలు, పొట్టకు అడ్డం పెట్టుకోవడానికి పాత కన్నడ పేపర్లు, తువ్వాలు, మూత బిగించిన చిత్రాన్నం గిన్నె, ఇంకో నీళ్ల బాటిల్. వాటి మీద జలజలా రాలాయి చిన్న చిన్న సంచులు. నీలంవి, పసుపువి, ఎర్రవి. రెయిన్‌కోటు గుడ్డ ముక్కలతో కుట్టినవి, మూతి దగ్గర లాగి ముడేసే తాడుతో. చుక్క నీరు బయటికి రాని గుడ్డ. వాంతి సంచులవి. లైనులో ఒక్కొక్కరూ టిఫిన్ టైములో ఒక్కొక్కటి కుట్టారు, ఆవిడకు తెలియకుండా.

రత్నమ్మ వాటిని చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఒకటి చేతిలోకి తీసుకుని, లోపలి వైపు బయటికి తిప్పి, కుట్టును రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని లాగి చూసింది. పక్కన పెట్టి ఇంకోటి తీసింది. ముఖం పాలిపోయి ఉంది, అయినా వరసగా తొమ్మిది సంచులు చూసింది. పదోది పసుపుది. దాన్ని లాగి ఆగింది.

“ఇది కుట్నది ఎవురు?”

“నేనే అక్కా” అంది నాగవేణి.

“సూపర్‌వైజరయినావు, కుట్టేది మరిసిపోయినావు. ఈ మూల సూడు, దారం లాకు కాలే. దీంట్లో పోస్తే నీళ్లు నిలస్తాయా? నీకు నేర్పింది నేనేనని ఎవురికీ చెప్పొద్దు.”

ముందు నాగవేణే నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. దాంతో అందరూ నవ్వారు. తిట్టిన తిట్టుకు రత్నమ్మ ముఖంలోకి రక్తం వచ్చింది. నిమ్మకాయ గోటితో గిల్లి వాసన చూసి, ఇంకెంత దూరముందని మునిరాజును అడిగింది.

అప్పుడు నేను చేసిన పని మా కంపెనీ రూల్స్‌లో లేదు. డ్రైవర్ పక్కన హోస్ట్‌కు ఒక మడత సీటు ఉంటుంది. దాని మీద గెస్టు కూర్చోకూడదు. రత్నమ్మను అందులో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. అక్కడైతే దారి ఎదురుగా కనిపిస్తుంది, పక్కన తెరుచుకునే కిటికీ ఉంది. పొట్ట మీద పేపరు, చేతిలో నిమ్మకాయ, ఒళ్లో ఒక నీలం సంచి. లోపల ఏసీ లేదు, పాట లేదు. రంగుల నేల మీద చీకట్లో వాళ్ల మధ్యే నేనూ కూర్చున్నాను. నాగవేణి సంచి మా కాళ్ల దగ్గర నేల మీదే ఉంది, నాకు పూనకం రాలేదు. మునిరాజు నిండు బిందె ముందు పెట్టుకున్నవాడిలా తోలాడు. సిగ్నల్ దగ్గర బండి ఆగినట్టు కూడా తెలియలేదు. ప్రతి రెండు నిమిషాలకూ వెనక నుంచి ఎవరో ఒకరు, ఎట్లుండావక్కా అని అడిగేవాళ్లు. ఆవిడ చెయ్యి ఎత్తి చూపించేది.

ఎనిమిది కాకముందే చేరాం. దీపాలున్నాయి. బస్సు కొంచెం అవతల పెట్టి నడిపించుకుంటూ తీసుకెళ్లాం. విధానసౌధ ఎదుట గేటు బయట రత్నమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఫోటోలకు రమ్మంటే కదల్లేదు. ఏమంటుందోనని నేను పక్కనే ఉన్నాను. చాలాసేపటికి నా వైపు తిరిగింది.

“ఇంతేనా పాపా దూరము?”

ఆవిడ మళ్లీ తనలో తాను అనుకున్నట్టుగా అంది.

“ఇరవై రెండేండ్లు. ఇంతేనా దూరము.”

పార్టీ అంతా ఆ ఫుట్‌పాత్ మీదే జరిగింది. నాగవేణి ఫోనులో ఒక పాట పెడితే నలుగురు ఆడారు, గేటు దగ్గరి పోలీసాయన చూసి కూడా కదలమనలేదు. చిత్రాన్నం గిన్నె తెరిచారు, రత్నమ్మ రెండు ముద్దలు తింది. తర్వాత సూదీ దారం ఉందా అని అడిగింది. గార్మెంటు వాళ్ల పర్సుల్లో సూదికి కరువా? మూడు వచ్చాయి. దీపాల వైపు వీపు పెట్టి కూర్చుని, ఆ వెలుగులో పసుపు సంచి మూలను మళ్లీ కుట్టింది. నాగవేణి పక్కన గొంతుక్కూర్చుని, కొత్తగా పనిలో చేరిన పిల్లలా చూసింది.

తిరుగు ప్రయాణంలో ఫ్లైఓవర్ మీద ఒక్కసారి నీలం సంచి అవసరమైంది. చుక్క బయటికి రాలేదు. అది కుట్టిన అమ్మాయి జిగణి వచ్చేదాకా ఆ సంగతే చెప్పుకుంటూ వచ్చింది.

ఈ ట్రిప్పు తర్వాత నా మెసేజ్ మారింది. చెప్పులూ శాలువాలూ కిందికి వెళ్లాయి. మొదటి వాక్యం ఇప్పుడొక ప్రశ్న: మీలో ఎవరికి ప్రయాణం కష్టం, వాళ్లకు ఏం కావాలి? జవాబు వస్తే, ఆ వస్తువు పైన ఎవరి చేతికి అందాలో నేనే చూస్తాను. మల్లె స్ప్రే మానేశాను. నాలుగేళ్లుగా నేను జనాలకు ఏం తెచ్చుకోవాలో చెప్తూ వచ్చాను కానీ, వాళ్లు తెచ్చుకున్నది ఎందుకు తెచ్చుకున్నారో ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు మెట్టు మీద నాగవేణిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఆ రాత్రి జిగణిలో అందరూ దిగాక, మరిచిపోయిన వస్తువుల కోసం సీట్ల కింద వెతుకుతుంటే రత్నమ్మ మళ్లీ మెట్టెక్కి వచ్చింది. తన మడత సీటు పక్కన ఉన్న కొక్కేనికి పసుపు సంచి తగిలించింది. నీకేనంది, నీ బస్సుకు ఎవరెవరో వస్తుంటారు కదా అంది. థాంక్స్ చెప్పబోతుంటే వేలు చూపించి ఆపింది.

“పైననే పెట్టుకో పాపా. డిక్కీలో ఎయ్యొద్దు.”