గులకరాళ్ళ ఒడ్డున నాలుగింటి మీటింగ్

ఆ బీచ్‌ని మా నెత్తిన రుద్దింది టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో మా తెలుగు చర్చికి వచ్చే ఒకావిడ. పోయినేడు మొగుడూ పెళ్ళాం గ్రీస్‌లో ఏదో సముద్రపు పల్లెకి వెళ్ళొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి ఆదివారం ఆరాధన అయ్యాక బిర్యానీ ప్లేటు పట్టుకుని నిలబడ్డ వాళ్ళందరికీ ఫోన్‌లో ఫోటోలు చూపించడమే ఆవిడ పని. నీలం నీళ్ళు, తెల్ల గోడలు, టోపీ పెట్టుకుని ఎటో చూస్తున్న ఆవిడ. "అక్కడి నిశ్శబ్దానికి నాకు ఏడుపొచ్చేసింది వదినా" అంది నాతో. నిశ్శబ్దానికి ఏడవాలంటే గ్రీస్ దాకా ఎందుకు, మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర కూర్చుంటే చాలు. మా ఆయన చెవులకి హెడ్‌ఫోన్స్, అమ్మాయి చేతిలో ఫోన్, నా ముందు కంచం.

అయినా వెళ్దామన్నది నేనే. దానికో కారణముంది. మా కంపెనీ వాళ్ళు నాకు ఎక్కడో నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో పెద్ద పోస్ట్ ఇస్తామన్నారు, వేసవి అయ్యేలోగా జవాబు చెప్పమన్నారు. ఆ మాట మా ఆయనతో అంటే, "నా ఆఫీస్ ఇక్కడుంది కదా, ఎలా కుదురుతుంది" అని లాప్‌టాప్ లోకి తల దూర్చేశాడు. బాగుందనీ లేదు, బాగోలేదనీ లేదు. అమ్మాయి ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆయనా నేనూ, మధ్యలో ఆ హెడ్‌ఫోన్స్. అందుకని మనసులో ఒకటి గట్టిగా అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఈ వారం రోజులూ ఆఫీసు ఊసెత్తకుండా మనిషిలా మాతో ఉంటే మోరిస్‌విల్ వద్దనేస్తాను. ఉండలేదా, ఒక్కదాన్నే వెళ్ళిపోతాను. బయల్దేరే ముందు ఆఫీస్ కాల్స్ తీసుకోనని మాట కూడా ఇచ్చాడు, మహానుభావుడు.

తీరా వెళ్ళి చూస్తే అక్కడ ఇసకే లేదు. నేను చీరాల పక్క పుట్టి పెరిగినదాన్ని. బీచ్ అంటే నాకు ఇసక, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర కుచ్చిళ్ళు, ఒడ్డున సరుగుడు తోపు. ఇక్కడ ఆ చివర్నుంచి ఈ చివరి దాకా గులకరాళ్ళు. నిమ్మకాయంతవి కొన్ని, కోడిగుడ్డంతవి కొన్ని, నున్నగా, తెల్లగా, ఎండకి కాలిపోతూ. చెప్పులు విడిచి నాలుగడుగులు వేశానో లేదో అమ్మో అయ్యో అనుకుంటూ వెనక్కొచ్చాను. అంత మంట పుడుతుంటే ఆవిడ టోపీ పెట్టుకుని ఎటో చూస్తూ ఫోటో ఎలా దిగిందో ఆ దేవుడికే తెలియాలి. రాళ్ళుంటాయని మాట మాత్రం చెప్పలేదు. చెబితే ఫోటోల విలువ పడిపోదూ.

నిశ్శబ్దం సంగతి సరేసరి. అల వెనక్కి పోయేటప్పుడల్లా రాళ్ళన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ చాటలో శనగలు చెరిగినట్టు గలగలమంటాయి. ఆగదు. పక్కనున్న మనిషి మాట వినపడాలంటే గొంతు పెంచాలి. ఊరి ముసలమ్మలు మాత్రం ఏం పట్టనట్టు పొద్దున్నే టోపీలు పెట్టుకుని నడుం లోతు నీళ్ళలోకి దిగి, గుండ్రంగా నిలబడి గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఒక్కరూ ఈదరు. ఈ మాత్రం దానికి నీళ్ళలోకి దిగడం దేనికి, ఏ అరుగు మీదో కూర్చోక. వాళ్ళని చూస్తుంటే నాకు ఎందుకో ఒళ్ళు మండేది.

అమ్మాయి బాధ ఇంకోటి. కొండ కింద ఒదిగిన బీచ్ కాబట్టి అక్కడ ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. మెట్లెక్కి పైనున్న ఆ ఊరి చర్చి దాకా వెళ్తేగానీ రాదు. అది మొదటి రోజే ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పి, "మమ్మీ, హియర్ నథింగ్ వస్తుంది. పీపుల్ ఎలా ఉంటారు ఇక్కడ?" అంది. నీలాగే, ఏడుస్తూ ఉంటారు అన్నాను.

ఇక మా ఆయన. మొదటి రోజే సాయంత్రం నాలుగయ్యేసరికి లేచి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. అక్కడ నాలుగంటే ఇర్వింగ్‌లో పొద్దున్న ఎనిమిది, వాళ్ళ టీమ్ రోజూ పెట్టుకునే మీటింగ్ వేళ. "చిన్న స్టాండప్, అరగంట, తప్పదు" అన్నాడు. సిగ్నల్ లేదుగా అంటే, తనది ఆఫీస్ వాళ్ళ ఇంటర్నేషనల్ ప్లాన్ అట, ఎక్కడైనా వస్తుందట. సముద్రం అడుగున కూడా వస్తుందేమో, అడగలేదు. బీచ్ చివర పెద్ద బండ ఒకటుంది. అక్కడిదాకా రాళ్ళ మీద తూలుకుంటూ పోయి, అటూ ఇటూ పచార్లు చేస్తూ, చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. దూరం నుంచి చూస్తే ప్రపంచమంతా ఆయన భుజాల మీదే నడుస్తున్నట్టుంది. ఇక ఇంతే అనుకున్నాను. ఇచ్చిన మాట ఒక్క రోజు నిలబడలేదు. మోరిస్‌విల్ ఖాయం.

రెండో రోజూ అంతే. ఆయన పచార్లు చూస్తూ ఇంకా మండిపడాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. నా నవ్వు గురించి ఒక మాట చెప్పాలి. ఆ వేసవి మొదట్లో మా చర్చిలో ఒకాయన ఉద్యోగం పోయిందని సాక్ష్యం చెప్పాడు. మా చర్చిలో ఇదొక పద్ధతి. ఎవరికేం జరిగినా మైకు ముందు నిలబడి చెప్పాలి, అందరూ వాళ్ళ పేరెత్తి గట్టిగా ప్రార్థన చేయాలి, సాయంత్రానికల్లా అది వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి రావాలి. ఆయన గొంతు వణికించి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "లే ఆఫ్‌లో కూడా దేవుని ప్రణాళిక ఉంది" అన్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అంతా తన తెలివే, పోయాక దేవుడి ప్రణాళిక. ఇంటికొస్తూ కార్‌లో నేను ఆయన్ని అనుకరించి చూపించాను. ఆ కళ్ళజోడు తుడుచుకోవడం, ఆ వణుకు, అచ్చం అలాగే. వెనక సీట్లో అమ్మాయి పగలబడి నవ్వింది. మా ఆయన మాత్రం హైవే మీద చూపు తిప్పకుండా డ్రైవ్ చేశాడు. ఆయనకి జోకులు ఎక్కడం ఎప్పుడూ ఆలస్యమే.

మూడో రోజు మధ్యాహ్నం మా ఆయన నీళ్ళలోకి దిగాడు. ఫోన్ తువ్వాలు మీద ఉంది. అమ్మాయి హాట్‌స్పాట్ కోసం దాన్ని తీసి, నాన్న పాస్‌వర్డ్ ఎప్పుడూ తన పుట్టినరోజే కాబట్టి తెరిచి, ముఖం చిట్లించింది.

"మమ్మీ, డాడీ ఫోన్‌కి కూడా సర్వీస్ లేదు. నో బార్స్. రోజూ కాల్ ఎలా చేస్తున్నాడు?"

పెట్టేయమన్నాను. ఎవరితో మాట్లాడుతున్నట్టు మరి? ఆ చేతులు తిప్పడం ఎవరి కోసం? తట్టిందల్లా ఒక్కటే. మాతో కూర్చోవడం ఆ మనిషికి అంత భారమైపోయింది. పెళ్ళాం పక్కన అరగంట కూర్చోలేక, లేని మీటింగ్ పెట్టుకుని, బండ దగ్గరికి పారిపోతున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నాకంత అవమానం ఎప్పుడూ అనిపించలేదు. ఏడుపొచ్చింది, నిశ్శబ్దానికి మాత్రం కాదు.

నాలుగయింది. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని బయల్దేరాడు. ఈసారి వెనకాలే నేనూ వెళ్ళాను. పట్టుకుని నాలుగూ దులిపేయాలి, మోరిస్‌విల్ సంగతి అక్కడే మొహాన చెప్పేయాలి, ఇదీ నా ఉద్దేశం. రాళ్ళ మీద నా అడుగుల చప్పుడు ఆయనకి వినపడే భయం లేదు, అలల గలగలే సరిపోయింది. బండకి ఇవతల నిలబడ్డాను. ఆయన అటు తిరిగి ఉన్నాడు.

మొదట ఇంగ్లిష్‌లో మొదలెట్టాడు, టీమ్‌కి ప్రెజెంటేషన్ ఇచ్చినట్టు. రీస్ట్రక్చరింగ్ అట, మొత్తం గ్రూప్‌నే తీసేశారట, తన పనితీరుకీ దీనికీ సంబంధం లేదట. మధ్యలో ఆపి తల అడ్డంగా ఊపాడు. నచ్చలేదన్నమాట. కాస్త నడిచి, వెనక్కి తిరిగి, తెలుగులో ఎత్తుకున్నాడు.

"చూడు, నీకో విషయం చెప్పాలి. ముందు పూర్తిగా విను. మధ్యలో నవ్వకు."

ఎదురుగా సముద్రం తప్ప ఎవరూ లేరు. ఆయన మాట్లాడుతున్నది నాతోనే.

మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి టికెట్ల దగ్గర్నుంచి. టికెట్లు బుక్ చేసిన మర్నాడే చెప్పారట ఆఫీసులో. నువ్వు ఎన్నేళ్ళకో సరదాపడ్డావు, చెడగొట్టడం ఇష్టంలేక, అని ఆగి, "మధ్యలో నవ్వకు" అన్నాడు. ఇంకోసారి. ఈసారి అమ్మాయి కాలేజీ దగ్గర్నుంచి. చర్చిలో చెప్పొద్దు, ఎవరూ నా పేరెత్తి ప్రార్థన చేయొద్దు అన్నాడు. మళ్ళీ, "మధ్యలో నవ్వకు." ప్రతిసారీ చుట్టూ ఉన్న మాటలు మారిపోతున్నాయి. ఆ ఒక్కటీ మారడం లేదు. చివర్లో గొంతు బాగా తగ్గిపోయింది, అల వెనక్కి పోయిన ఖాళీలో వినపడింది. "మోరిస్‌విల్ ఒప్పుకో. మంచి ఆఫర్. నేనూ వస్తాను, నువ్వు రమ్మంటే."

దులిపేద్దామని వెళ్ళినదాన్ని వెళ్ళినట్టే తిరిగొచ్చి తువ్వాలు మీద కూర్చున్నాను. అమ్మాయి సిగ్నల్ కోసం మెట్లెక్కి పైకి పోయింది. ఆ ముసలమ్మలు ఇంకా నీళ్ళలో నిలబడే ఉన్నారు, కబుర్లు ఇంకా అవలేదు.

అరగంటకి సరిగ్గా వచ్చాడు. మీటింగ్ టైముకి ముగించినట్టు. పక్కన కూర్చుని నీళ్ళ సీసా ఎత్తి గటగటా తాగాడు.

"మీటింగ్ అయిందా?" అన్నాను.

"ఆ, అయింది. అవే గొడవలు."

"అయితే చెప్పండి. మధ్యలో నవ్వను."

సీసా మూత పెట్టబోతున్న చెయ్యి ఆగిపోయింది. నా వంక చూశాడు, బండ వంక చూశాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ మెడలోంచి తీసి రాళ్ళ మీద పెట్టి చెప్పడం మొదలెట్టాడు.

అన్ని రిహార్సల్స్ చేసిన మనిషి అంత చెత్తగా చెప్తాడని అనుకోలేదు. వెనకది ముందు, ముందుది వెనక. రోజూ ఆఫీసుకని కారెక్కి లైబ్రరీకి వెళ్ళేవాడట. అక్కడ వేరే చోటు ఖాళీ లేక పిల్లల సెక్షన్‌లో కూర్చునేవాడట. చిన్నపిల్లలకి కథలు చదివే ఆవిడ ఒకరోజు ఈయన్ని కూడా చప్పట్లు కొట్టమందట, కొట్టాడట. ఆ చోట నాకు నవ్వు గొంతు దాకా వచ్చింది. పళ్ళ మధ్య పెదవి బిగపట్టి సముద్రం వైపు చూశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి దేనివో నాకే తెలియదు.

అంతా చెప్పాడు. అయిపోయింది అన్నట్టు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. బండ దగ్గర అన్న ఆ చివరి మాట మాత్రం చెప్పలేదు. ఎదురుచూశాను. అల వచ్చింది, పోయింది, రాళ్ళు గలగలమన్నాయి. ఇంకోటి వచ్చింది. ఆయన చెప్పడని అర్థమైంది. సముద్రానికి చెప్పగలిగినది నాకు చెప్పే ధైర్యం ఆ మనిషికి లేదు.

"మోరిస్‌విల్‌కి మీరూ రండి," అన్నాను. "ఆ హెడ్‌ఫోన్స్ మాత్రం ఇక్కడే పారేసి రండి."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు, మాటిచ్చాను కదా.