పేపర్ ప్లేట్ల పగ

నా చిన్నప్పుడు అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో ఒక మహాయుద్ధం జరిగింది. రెండు వంశాలు, ఒక ఘోర అవమానం, ఒక శపథం. తలలో తెల్లవెంట్రుక ఒకటి కనబడింది కాబట్టి, పెద్దమనిషిగా ఇప్పుడు నిజం చెబుతున్నాను. అది యుద్ధం కాదు, పాట్‌లక్, అంటే ఇంటికో వంటకం తెచ్చి అందరూ కలిసి తినే విందు. వంశాలంటే మా ఇల్లూ, మూలింటి అంకుల్ ఇల్లూ.

ఆ అంకుల్ మా అమ్మ పులిహోర ఒక ముద్ద తిని, క్లబ్‌హౌస్ అంతా వినేలా, "పైన ఉప్పు, లోపల చప్పన. ఇదేం పులిహోరమ్మా?" అన్నాడు. అమ్మ నవ్వేసింది. కానీ ఆ తర్వాత ప్రతి పాట్‌లక్‌కీ పేపర్ ప్లేట్లే తీసుకెళ్లింది. మావాళ్లలో ప్లేట్లు తెచ్చేది వంట రాని బ్యాచిలర్లు. ట్రేల దగ్గర దర్జాగా నిలబడాల్సిన మా అమ్మ చెత్తబుట్ట పక్కన నిలబడటం చూసి, అంకుల్ కారు టైర్లలో గాలి తీసేయాలని నిశ్చయించుకున్నాను.

పక్కింటి అక్క అప్పుడు మాస్టర్స్ చదువుతుండేది. నా ప్లాన్ విని, "టైర్లెందుకురా, ఆయన నోరుందిగా" అంది. ఇక్కడివాళ్లు 'పుట్ యువర్ మనీ వేర్ యువర్ మౌత్ ఈజ్' అంటారట. అన్న మాట మీద డబ్బు పెట్టమని. డబ్బే కానక్కర్లేదు, చేసి చూపించినా చాలు. గొప్పలు పోయేవాళ్లతో వాదించకుండా, మర్యాదగా పని అప్పజెప్పడమే దాని వాడకమని చెప్పింది.

తర్వాతి ఆదివారం అందరూ టీ తాగుతుంటే, "అంకుల్, ఉగాదికి పులిహోర మీదే. అందరికీ!" అంది అక్క.

"నాకు ఆ వారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందమ్మా..." అని అంకుల్ నసిగాడు.

అక్క దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు వాక్యం గట్టిగా వదిలాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంకుల్ మొహం వాడిపోయింది. ఆ రుచి ఏ ఐస్‌క్రీమ్‌లోనూ లేదు.

ఉగాదినాడు ఆయన ట్రే మీద ఫాయిల్ తీసేసరికి, అమ్మ చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాను. అమ్మ ఒక ముద్ద తింది. ఆగింది. ఇంకో గరిటె వేసుకుంది.

"అన్నయ్యగారూ, ఉప్పు ఎప్పుడు వేశారు?" అని అడిగింది.

మరుసటి పాట్‌లక్‌కి అమ్మ ట్రేతోనే వెళ్లింది. అంకుల్ రెండోసారి పెట్టించుకున్నాడు. ఆ వాక్యాన్ని నేను ఈనాటికీ వాడుతున్నాను, కాకపోతే అవతలివాడికి నిజంగా పని వచ్చా అని ముందు కనుక్కుంటాను. ఇక ఆ ఉగాదినుంచి నాతో మిగిలిన రెండోది, అంకుల్ అమ్మకి చెప్పిన కిటుకు: పులిహోరకి ఉప్పు అన్నంలో కలపకూడదు, చింతపండు గుజ్జు ఉడికేటప్పుడే వేయాలి.