నిద్రలో పిలిచిన హాజరు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, క్లాసులో ఏ పిల్ల ఆవులించినా అది నా పాఠం మీద ఫిర్యాదే అనుకునేదాన్ని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. హన్మకొండలో ఓ చిన్న ప్రైవేటు బడి, ఆరో తరగతికి సోషల్ చెప్పేదాన్ని, క్లాస్ టీచర్నీ నేనే. మొదటి పీరియడ్ నాది. రుతుపవనాలు అరేబియా సముద్రం దాటకముందే నాలుగైదు తలలు బెంచీల మీదకు వాలిపోయేవి. గొంతు పెంచాను, రంగురంగుల చార్టులు వేలాడదీశాను, మధ్యమధ్య జోకులు కూడా వేశాను (వాటికి నేనొక్కదాన్నే నవ్వేదాన్ని). చివరికి మా బడి ఆయమ్మ జాలిపడి, "మీ పాఠం ఏం జేస్తది మేడం, పొల్లగాండ్లు రాత్రిపూట సక్కగ పండుకుంటలేరు" అంది. నన్ను ఓదార్చడానికే అలా అంటోందనుకున్నాను.

అంతలో మా క్లాసును ములుగు అడవి చూపించడానికి తీసుకెళ్లాలని పెద్దసార్ (అంటే మా హెడ్మాస్టర్) అన్నారు. ఒక రాత్రి అక్కడే బస. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన కాగితం తయారుచేసే పని నాకు పడింది. ఆయమ్మ మాట గుర్తొచ్చి, "మీ పిల్లలకు రాత్రి నిద్రలో ఏమైనా ఇబ్బంది ఉందా?" అని ఓ ప్రశ్న చేర్చాను. అందరూ "లేదు" అని రాసి పంపారు. కొందరైతే కింద గీత కూడా గీశారు.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. గేటు దగ్గర ఒక తండ్రి బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే, "జర పక్కకు రాండ్రి మేడం" అన్నాడు. వెళ్తే, "మావోడు నిద్రల పండ్లు పటపట కొరుకుతడు. ఎవ్వలకు చెప్పకుండ్రి" అన్నాడు. మర్నాడు ఒక అమ్మమ్మ వచ్చింది. మనవరాలు నడిరాత్రి కేక పెట్టి లేస్తుందట, పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదట. మరొకావిడ ఫోన్ చేసి, కొడుక్కి ఒంటిగంట దాటితే గానీ కన్ను మూత పడదని చెప్పింది. ఇంకొకరి పిల్లాడు పక్క తడుపుతాడు. ఒకరు తాయెత్తులాంటి అంత్రం కట్టించారు, ఒకరు పాస్టర్ గారితో ప్రార్థన చేయించారు, ఒకరు పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. అందరూ చివర్లో చెప్పే మాట మాత్రం ఒక్కటే: "ఎవ్వల పిల్లలకు లేదు మేడం, మా ఒక్కలకే ఇట్ల." దాదాపు సగం క్లాసు అయ్యింది. ఎవరికీ చెప్పనని ప్రతి ఒక్కరికీ మాటిచ్చాను కాబట్టి, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పి ధైర్యం చెప్పే దారి కూడా లేదు.

బయలుదేరే ముందు రోజు చిట్టి వాళ్లమ్మ వచ్చింది. చిట్టి ముందు బెంచీలో కూర్చునే పిల్ల, అడిగితే తప్ప నోరు విప్పదు. తల్లి ఇంట్లో మిషన్ కుడుతుంది. "నా బిడ్డ పేరు కొట్టేయుండ్రి మేడం. నిద్రల లేసి నడుస్తది. పోయినేడు చుట్టాల పెండ్లికి పోతే, రాత్రి లేసి వాకిట్లకు పోయింది. గాలి సోకిందని అందరు ఒక్కటే ముచ్చట. అప్పటిసంది ఎక్కడికన్న పోదామంటే ఏడుస్తది" అంది.

"ఈ వయసులో ఇది మామూలేనమ్మా" అన్నాను, పెద్ద డాక్టర్ లాగా.

"మామూలైతె మీ క్లాసుల ఇంకెవ్వలకున్నది? ఒక్క పేరు చెప్పుండ్రి."

చెప్పదగిన పేరు ఒకటుంది, అది నాదే. చిన్నప్పటి నుంచీ నాకు నిద్రలో మాట్లాడే అలవాటు. హాస్టల్లో అందుకే అందరికీ దూరంగా కిటికీ మూలన పడుకునేదాన్ని. కానీ మేడం అయ్యుండి ఆ మాట ఎలా చెప్పడం? "నేను తలుపుకు అడ్డంగా పడుకుంటాను, చిట్టి నా పక్కనే ఉంటుంది" అని మాత్రం అన్నాను. ఆవిడ, "చున్నీ కొస ఆమె చేతికి, ఇంకో కొస మీ చేతికి కట్టుకోండ్రి" అని ఒప్పుకుంది.

అలాగే కట్టుకున్నాం. అమ్మాయిలందరం, ఆయమ్మతో సహా, ఒకే హాల్లో పడుకున్నాం; అబ్బాయిలు పెద్దసార్‌తో పక్క గదిలో. తెల్లవారి చూస్తే చిట్టి ఎక్కడికీ పోలేదు. నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను.

తిరుగు ప్రయాణంలో బస్సులో వెనక సీట్ల నుంచి కిసుక్కున నవ్వులు. ఏమిటని అడిగితే ఎవరూ చెప్పరు. చివరికి ఆయమ్మే చెప్పింది: "రాత్రి లేసి కూసున్నరు మేడం. మొత్తం అటెండెన్స్ పిలిచిండ్రు. మొగపోరగాండ్ల పేర్లు సుత. పెద్దసార్‌ను నోట్స్ తేలేదని బెంచీ ఎక్కమన్నరు." ముందు సీట్లో పెద్దసార్ కిటికీ వైపు తిరిగి ఏదో చూస్తున్నారు. ఆ కిటికీలోంచి దూకుదామా అనిపించింది నాకు.

"మరి మళ్లీ ఎలా పడుకున్నాను?" అన్నాను.

"నేనే పండుకోబెట్టిన మేడం" అంది చిట్టి. "చున్నీ గుంజుకుంటే మెలకువొచ్చింది. 'బెల్లు కొట్టిండ్రు మేడం, క్లాసయిపోయింది' అన్న. పండుకున్నరు."

"అలా చెప్పాలని నీకెలా తెలుసు?"

"మా అమ్మ నాకు గట్లనే జేస్తది. లేపద్దు, కొట్లాడద్దు, మెల్లగ చెప్పాలె. నేను నిద్రల నడుస్త గద."

బస్సంతా చిట్టి వైపు తిరిగింది. తర్వాత వెనక నుంచి ఒకడు, "ఎంత దూరం నడుస్తవ్?" అని కుతూహలంగా అడిగాడు. ఇంకొకడు "నేను పండ్లు కొరుకుత" అన్నాడు. ఆ పైన ఎవరూ ఆగలేదు. పెద్దలు నా చెవిలో గుసగుసగా చెప్పినవన్నీ పిల్లలు పోటీపడి అరిచి చెప్పుకున్నారు (పక్క తడిపేవాడు మాత్రం నోరు మెదపలేదు, నేను కూడా అటు చూడలేదు).

బడి గేటు దగ్గర చిట్టి తల్లికి అంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీకు చిన్నప్పటిసందేనా మేడం?" అంది. అవునన్నాను. "మొన్ననే చెప్తె అయిపోవు గద" అని నవ్వింది. కూతురి సంగతి మాట్లాడుతూ ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఇప్పుడు తల్లిదండ్రుల సమావేశంలో ముందు నా సంగతే చెప్పేసి, తర్వాత వాళ్లను అడుగుతాను. "లేదు" అనేవాళ్లు బాగా తగ్గారు. మేడం అంటే ఏ లోపమూ లేని మనిషి అనుకున్న ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయి అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఆమె మీద నాకు కోపం లేదు. పదకొండేళ్ల పిల్ల క్లాసయిపోయిందని చెబితే, నిద్రలోనైనా సరే, మారు మాట్లాడకుండా పడుకుంది. ఆమాత్రం బుద్ధి అప్పటికే ఉందన్నమాట.