గీతకు జానెడు దూరం

ఆ ఆఫీసులో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అయినా ఆరోగ్యశాఖ ఆఫీసరు నన్ను కూర్చోమనలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడెనిమిదేళ్లయింది. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద మెదక్ వచ్చి నెల కాలేదు. నేను ఊళ్లో దుకాణాలకు బోర్డులు, సినిమాహాలుకు స్లైడ్లు రాసేవాణ్ని. గాజుపలకకు నల్లరంగు పూసి, ఆరాక సూదిమొనతో అక్షరాలు, బొమ్మలు గీకితే ఆ గీతల్లోంచి వెలుగు వెళ్లి తెరమీద పడుతుంది. ఆయన ఒక కాగితం నా వైపు తోశాడు. "ధూమపానము ఆరోగ్యమునకు హానికరము. యువకులారా, విసర్జింపుడు" అని ఉంది. కింద పుర్రె బొమ్మ వేయాలన్నాడు.

నిలబడే చదివాను, నిలబడే ఒప్పుకున్నాను. ఒప్పుకున్నది ఆయన కోసం కాదు, నా తమ్ముడి కోసం.

నాయన పోయాక వాణ్ని పెంచింది నేనే. అప్పటికి వాడికి పదిహేడేళ్లు. ఖిల్లా కింది మైదానంలో కబడ్డీకి దిగితే కూత తెగకుండా అవతలి జట్టునంతా మూలకు తరిమేవాడు. అలాంటివాడు బీడీలు మరిగాడు. వానాకాలంలో పట్టిన దగ్గు చలికాలం వచ్చినా వదల్లేదు. దవాఖానా డాక్టరు వాడి వీపు చాలాసేపు విని, నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఇప్పుడన్న బీడీ ఇడిస్తె బాగైతడు. ఇడువకుంటె మల్ల నా దగ్గరికి తేకు. పట్నం తీస్కపో."

బతిమాలాను, కొట్టాను, అమ్మ మీద ఒట్టు వేయించాను. ఏదీ రెండు రోజులు నిలవలేదు. నా మాట వినకపోయినా తెరమీది మాట వింటాడేమోనని ఆ స్లైడు రాశాను.

మొదటి రోజు నేనూ హాలుకు వెళ్లాను. ఇంటర్వల్‌లో నా పుర్రె తెరమీదికి వచ్చింది. దాన్ని చూసినవాళ్లు ఎవరంటే, పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు, కూర్చున్నచోటే నిద్రపోయిన ఒక ముసలాయన. ఒక చంటిపిల్ల జడుసుకుని ఏడ్చింది. కుర్రాళ్లు ఒక్కరూ లోపల లేరు. అందరూ బయట గోడ దగ్గర బీడీలు కాలుస్తున్నారు. తమ్ముడు నన్ను చూసి తన బీడీని పిడికిట్లో దాచుకున్నాడు.

బీడీ కంపెనీ స్లైడు మాత్రం ఆట మొదలుకాకముందు, హాలు నిండుగా ఉన్నప్పుడు వేసేవారు. మెలితిరిగిన మీసాలు, పెదవి చివర బీడీ, ఒక కనుబొమ పైకెత్తిన పిల్లగాడు. అంతకు ముందు ఏడాది ఆ బొమ్మ గీసింది కూడా నేనే.

మా స్లైడు కూడా ముందే వేయమని మేనేజర్ని అడిగాను.

"మొదాలనే పుర్రె ఏస్తె జనం లేచి పోతరు. ఆళ్లు సినిమ చూడనీకొస్తుండ్రా, సావు చూడనీకొస్తుండ్రా?" అన్నాడు. పక్కన ముగ్గురు నవ్వారు. ఆ ముగ్గురూ ఎవరో నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంటికి వచ్చి తమ్ముణ్ని నిలదీశాను. "గంత పెద్ద పుర్రె ఏసిన. భయం గాలేదార?"

"పుర్రెకు ఎవడు భయపడ్తడన్నా? సచ్చేది ముసలోళ్లు. మా దోస్తులు గా పుర్రెను గోడల మీద గీసుకుంటుండ్రు, మస్తున్నదని."

"మల్ల దేనికి భయపడ్తరురా మీరు?"

వాడు నేల చూస్తూ అన్నాడు. "మొన్న ఎల్దుర్తోళ్ల జట్టు మీద కూతకు పోయిన. ఇద్దర్ని ముట్టిన. మర్రి ఎన్కకు వస్తుంటె కూత తెగింది. గీత ఇంక జానెడే ఉండె. అందరు చూసిండ్రు. గిప్పుడు నన్ను బయట కూసోబెట్టిండ్రు."

లేచి వెళ్తూ వెళ్తూ, "గా మీసాల పిల్లగాణ్ని మస్తు ఏసినవ్ అన్నా" అన్నాడు. వాడు ఎత్తిపొడవలేదు, నిజంగానే మెచ్చుకున్నాడు.

మర్నాడు కొత్త పలక తీశాను. మధ్యగీత, దానికి జానెడు ఇవతల బోర్లా పడిన ఆటగాడు, చాచిన చెయ్యి, తెరిచిన నోరు. కింద రాశాను: "కూత తెగింది. గీత జానెడే ఉండె. బీడీ తాగి ఆటకొచ్చిండు."

ఆఫీసరు దాన్ని వెలుగుకు ఎత్తి చూశాడు. "ఇదేం తెలుగయ్యా? గొడ్లు కాసేవాళ్ల భాష గవర్నమెంటు స్లైడు మీద పెడతావా?" అని పలకను బల్లమీద పడేసి, దానిమీద చాయ్ సాసరు పెట్టుకున్నాడు. ఆయన చాయ్ తాగడం అయ్యేదాకా నిలబడి, సాసరు తీసి, నా పలక నేను తెచ్చుకున్నాను.

సినిమాహాలు ఆపరేటర్ పెద్దమనిషి. నా మాటంతా విని గడ్డం గోక్కున్నాడు. "దేఖో పెయింటర్ సాబ్, ఒక్క ఆటకు ఏస్త. మేనేజర్‌కు ఎరుకైతె నా నౌకరి పాయె."

ఆ సాయంత్రం ఆటకు ముందు మీసాల పిల్లగాడు వచ్చి వెళ్లాడు. వెంటనే నా ఆటగాడు వచ్చాడు. హాలంతా తెరవైపు మెడలు చాచింది. నా గుండె పొంగింది.

"అరె, గీడు మీసాలాయనే! మీసాలు గొరిగిచ్చిండ్రు!" అని నేల టికెట్టులోంచి ఒకడు అరిచాడు.

"మీసాలాయన గాదు బే, మనోడు! ఎల్దుర్తి కూత మరిసినవా?"

అప్పుడు చూశాను నేను గీసింది ఎవరినో. పిల్లగాడి ముఖం అంటే నా చేతికి వచ్చేది ఒక్కటే. మీసాలు పెట్టినా, తీసేసినా అది నా తమ్ముడి ముఖమే. హాలు హాలంతా "కబడ్డీ కబడ్డీ" అని కూత పెట్టి, మధ్యలో తెంపి, దొంగదగ్గు దగ్గుతోంది. ముందు వరసలో ఒకడు లేచాడు. తలుపు తెరుచుకున్నప్పుడు వెలుగులో నా తమ్ముడి వీపు కనిపించింది. వాడు తిరిగి వస్తాడేమోనని చూస్తూ కూర్చున్నాను.

ఇంటర్వల్‌లో ఆపరేటర్ సంబరంగా వచ్చాడు. "గోడకాడ పొగ లేదు సాబ్! ఇద్దరో ముగ్గురో, గంతే!"

నేను పరుగున ఇంటికి పోయాను. వాడు గడపమీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి దాచుకోలేదు.

"ఇగ దాసుడెందుకు? ఊరంత చూసింది గద. అందరు నవ్విండ్రు, నవ్వనీ. నువ్వు గూడనా అన్నా?"

వాడి పేరు ఎక్కడా రాయలేదని, కావాలని చేయలేదని చెప్పాను. వాడు దగ్గుతున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. బీడీ మానలేదు. కానీ రోజూ సాయంత్రం మైదానానికి పోయేవాడు. నేను కనిపిస్తే కూతకు దిగడని గోడ వెనక నిలబడటం మొదలుపెట్టాను. గోడకు ఆనుకుని, వాడి గొంతు మొదలవగానే నా ఊపిరి కూడా బిగబట్టేవాణ్ని. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. వాడి కూత తెగిపోయేది. నాకింకా ఊపిరి ఉండేది. వాడికంటె పదిహేనేళ్లు పెద్దవాణ్ని నేను.