ఊరి వలలో నా ముక్క

మొన్న కోడూరు వైపు బస్సులో వెళ్తుంటే, రొయ్యల చెరువుల మీద పిట్టలు వాలకుండా కట్టిన నీలం వలలు కనిపించాయి. ఎవరు అల్లారో ఎవరికీ అక్కర్లేని ఆ బజారు వలల్ని చూడగానే చనిపోయిన మా తోడికోడలు గుర్తొచ్చి, ఇన్నేళ్ళకి కూడా నాకు కడుపు మండింది.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో చలికాలం వస్తే, పొద్దుగూకే వేళ చేల మీదకి దిగే పరజ పిట్టల కోసం, అదే అడవి బాతుల కోసం, ఊరంతా కలిసి వెదురుగడలకి వల కట్టేవారు. ఇంటికో ముక్క ఆడవాళ్ళు అల్లి ఇస్తే అన్నీ కలిపి కుట్టేవారు. ముక్క ఇవ్వని ఇల్లు ఊళ్ళో ఉన్నా లేనట్టే. మొదటి పిట్ట ఎవరి ముక్కలో పడితే ఆ ఇంటికి ఒక జత ముందు పంపి, మిగతావి పంచుకునేవారు. ఆ జత ఏటా మా తోడికోడలిదే.

డెబ్బై ఏడు ఉప్పెనలో పాత వలలన్నీ కొట్టుకుపోయాయి. మరుసటి ఏడు అందరూ కొత్తగా అల్లారు. గుడివాడ నుంచి కోడలిగా వచ్చి అప్పుడే వేరు కాపురం పెట్టిన నాదీ ఒక ముక్క. అల్లడం నేర్పింది ఆవిడే, అయినా మా ఆయన నా ముక్క చూసి, బాగానే ఉంది గానీ వదిన చెయ్యి వేరులే అనేసరికి ఒళ్ళు మండిపోయింది. పిట్టలకి కనబడకుండా వలని తుమ్మచెక్క కషాయంలో ముంచి నల్లగా చేస్తారు కదా, అలా చేస్తే అన్నిటిలో కలిసిపోయి నాదేదో ఎవరికీ తెలియదని, కావాలనే పలచటి కషాయంలో ముంచి తడితడిగా ఇచ్చాను. కుట్టేటప్పుడు నల్లగానే ఉంది, గాలికి ఆరాక తెల్లగా తేలింది.

గుంపులుగా వచ్చిన పరజలు దూరం నుంచే దాన్ని చూసి పైకి లేచి వెళ్ళిపోయాయి. ఉప్పెన తర్వాత మొదటిసారి నవ్వుకుందామని గట్టు మీదకి వచ్చిన ఊరు అలాగే నిలబడిపోయింది.

"ఎవరిదమ్మా ఈ ముక్క?" అన్నాడు వేటకి పెద్దగా ఉండే ముసలాయన. నేను ఆడవాళ్ళ వెనక్కి జరిగాను.

"నాదేనండి మావయ్యా, కషాయం చాల్లేదు" అంది మా తోడికోడలు.

ఆ ముడులు ఆవిడవి కావని ఆయనకి తెలియదా! అయినా ఆ మాటే ఒప్పుకుని గడలు పీకించాడు. నేను ఆవిడ కాళ్ళ మీద పడాల్సింది, కానీ ఇందులోనూ నాకంటే పెద్దదైపోయిందని కుళ్ళుకున్నాను.

ఇప్పుడు పిట్టల్ని పట్టడం నేరం, మంచిదే. కానీ ఇది ఎవరి చేతి పని అని అడిగే ఊరూ లేదు, నాదేనని చెప్పుకునేవాళ్ళూ లేరు. ఆవిడ పోయిననాడు ఆడవాళ్ళంతా ఆ చేతిని పొగిడి పొగిడి, పాపం ఒక్క ఏడే తప్పింది అనుకుంటుంటే నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆ ఊళ్ళో నాదంటూ ఉన్నది ఆ ఒక్క తప్పే, దాన్ని కూడా ఆవిడే పట్టుకుపోయింది.