క్రాబ్‌ట్రీ వారి కారు ఎవరు నడిపారు?

ఇంగ్లండులోని బార్న్స్లీ ఊళ్లో నెవిల్ క్రాబ్‌ట్రీకి చెప్పుకోవడానికి ఒక గొప్ప, చెప్పుకోకుండా దాచుకోవడానికి ఒక బాధ ఉండేవి. ముప్ఫై ఏళ్లు ఊరి బస్సు నడిపి ఒక్క అద్దం కూడా పగలగొట్టకపోవడం గొప్ప. కంటి నరాలు ఎండిపోయి చూపు పూర్తిగా పోవడం బాధ. చూపు పోయి ఆరేళ్లయినా, కార్మికుల క్లబ్బులో ఎవరైనా "ఎలా వచ్చావు నెవిల్?" అని అడిగితే "కార్లో వచ్చా" అనేవాడు. కారు దానంతటదే లేచి, ఆయన్ను ఎక్కించుకుని, క్లబ్బు గుమ్మంలో దించిపోయినట్టే ఉండేది ఆ మాట. ఆ కారు నడిపిన మనిషి, అంటే ఆయన భార్య డోరీన్, పక్కనే నిలబడి తడిసిన కోటు దులుపుకుంటూ ఉండేది.

డోరీన్ అరవై మూడో ఏట స్టీరింగ్ పట్టింది. కట్టుకున్నవాడికి కళ్లు పోతే ఎవరో ఒకరు పట్టాలి కదా. పరీక్ష నాలుగుసార్లు తప్పింది. ఐదోసారి ఆ పరీక్షాధికారి ఈమె మొహం మళ్లీ చూడలేక పాస్ చేసేశాడని నెవిల్ అనేవాడు. పక్క సీట్లో కూర్చుని చెవులతో బండి నడిపేవాడు.

"గేరు ఏడుస్తోంది, మార్చు. అద్దం చూశావా?"

"నువ్వు చూశావా?" అనేది డోరీన్.

ఆమె కోరిక కొండంతదేం కాదు. నలుగురిలో ఒక్కసారి, "మా ఆవిడ నడుపుతుంది" అని మొగుడి నోట వినాలి. నేనైతే ఆ మాట వినేదాకా పొయ్యి వెలిగించేదాన్ని కాదు. ఆవిడ ఓర్పుగల మనిషి, కాబట్టి ఆరేళ్లు ఎదురుచూసింది.

అలాంటి ఇంటికి ఒక పార్కింగ్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఊరి చివరి సూపర్‌మార్కెట్‌లో వికలాంగుల చోట కారు నిలిపారట. ఆ చోటు వాడుకోవడానికి సర్కారిచ్చే నీలం బ్యాడ్జీని డ్యాష్‌బోర్డు మీద తిరగేసి పెట్టారట. పైగా కారు గీత దాటి ఉందట. వంద పౌండ్లు కట్టమన్నారు. బ్యాడ్జీ తిరగబడిన మాట నిజమే. ఫొటో ఉన్న వైపు కిందికి ఉండాలని నియమం. డోరీన్ పైకి పెట్టింది, ఆ ఫొటోలో నెవిల్ బాగుంటాడని.

ఆమె ఉత్తరం చదవడం మొదలుపెట్టింది. "డ్రైవర్ గారికి, మీరు మీ వాహనాన్ని..."

"ఎవరికన్నారు?"

"డ్రైవర్ గారికి. కారు నీ పేరు మీద ఉందిగా, నువ్వే అనుకుంటున్నారు వెర్రి మాలోకాలు. ఉండు, ఈయనకి చూపు లేదని రెండు ముక్కలు రాసి పడేస్తాను."

"తొందరెందుకు? పాగ్సన్‌ని అడుగుదాం" అన్నాడు నెవిల్. టీ కప్పు వెనక మొహం దాచుకున్నాడు కానీ, ఆ మొహం వెలిగిపోవడం డోరీన్ చూడనే చూసింది. కారణం మాత్రం ఆవిడకి అంతుపట్టలేదు.

జెరాల్డ్ పాగ్సన్ క్లబ్బులో డామినోలు ఆడే పెద్దమనిషి. ఎప్పుడో ఒకసారి ఒక పార్కింగ్ కంపెనీ మీద గెలిచి, ఆనాటి నుంచి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ న్యాయశాస్త్రం పంచిపెడుతున్నాడు. ఉత్తరం మీది తేదీ చూసి బల్ల గుద్దాడు.

"ఒరేయ్ నెవిల్, నీ పంట పండింది! వీళ్లు గడువు దాటాక పంపారు. కారు ఎవరి పేరున ఉందో వాడి మీద వెయ్యడానికి లేదిక, నడిపినవాడి మీదే వెయ్యాలి. నడిపిందెవరో వాళ్లకి తెలీదు. నువ్వు చెప్పవు. అంతే, వాళ్లు గోళ్లు గిల్లుకోవాల్సిందే."

"ఈయనకి కళ్లు కనపడవు జెరాల్డ్" అంది డోరీన్. "ఆ ముక్క చెబితే తేలిపోదూ?"

"చెప్తే నడిపింది ఇంకెవరు? నువ్వు. అప్పుడు నీ మీద పడతారు. కళ్ల మాట ఎత్తావో, కేసు గోవిందా!"

వెర్రికీ ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క నెవిల్‌కి తేనెలా అందింది. అప్పీలు రాశారు. చూపు సంగతి రాయలేదు. కంపెనీ జవాబిచ్చింది: 'మా బోర్డులు ఎంతో పెద్ద అక్షరాలతో, దూరం నుంచే కనిపించేలా ఉన్నాయి. మీవంటి డ్రైవర్ వాటిని చూడలేదంటే నమ్మశక్యంగా లేదు.' నెవిల్ ఆ వాక్యాన్ని క్లబ్బంతా చెప్పుకుని నవ్వాడు. నవ్వి, మీవంటి డ్రైవర్ అన్నచోట కాస్త ఆగి, గొంతు సవరించుకునేవాడు. రెండో అప్పీలూ పోయింది. చివరికి కోర్టు కాగితం వచ్చింది. విచారణ నాటికి తొమ్మిది నెలలు.

ఆ నెలలన్నీ డోరీన్ సణుగుతూనే ఉంది. "కోర్టులోనైనా చెబుతావా, నడిపింది నేనని?"

"అదే కదా చెప్పకూడనిది" అనేవాడు నెవిల్. ఇదివరకు మొండితనంతో దాచిన మాటకి ఇప్పుడు చట్టం కూడా తోడు దొరికింది.

విచారణ రోజు పాగ్సన్ మెట్ల దగ్గరే ఆపి నెవిల్ చేతిలోని తెల్లకర్ర లాక్కున్నాడు. "ఇది చూశారంటే నువ్వు డ్రైవర్‌వి కాదని తెలిసిపోతుంది. మడిచి డోరీన్ సంచిలో పెట్టు. మామూలుగా నడువు."

ఎదుటివాడిని ఒక్క దెబ్బకి మట్టికరిపించే సాక్ష్యాన్ని ఆ విధంగా మడతపెట్టి సంచిలో, గొంతునొప్పి బిళ్లల కింద పెట్టుకుని, ముగ్గురూ కోర్టుకి వెళ్లారు.

చిన్న గది. పొడుగాటి బల్ల. అటు చివర జడ్జిగారు, నడివయసు ఆవిడ. ఇటు పక్క కంపెనీ తరఫున ఒక కుర్ర లాయరు. నెవిల్ డోరీన్ మోచెయ్యి వదిలేసి, ఛాతీ విరుచుకుని, మూలనున్న కోట్లు తగిలించే కొయ్యకి వంగి నమస్కరించాడు. "గుడ్ మార్నింగ్ మేడమ్."

"నేను ఇక్కడున్నాను" అన్నారు జడ్జిగారు.

"మీకూ గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాడు నెవిల్, తడబడకుండా.

పాగ్సన్ వెనక కుర్చీలో కళ్లు మూసుకున్నాడు. డోరీన్ నెవిల్ భుజం నొక్కి కూర్చోబెట్టింది. లాయరు లేచి, కారు యజమానే నడిపి ఉంటాడని, కాదని ఆయన ఒక్కసారైనా అనలేదని చెప్పి, బల్ల మీంచి ఒక ఫొటో జరిపాడు. "మీ కారు నిలిపిన తీరు ఇదేనా? చూసి చెప్పండి."

నెవిల్ వేళ్లతో తడుముకుని ఫొటో అందుకున్నాడు. మొహానికి ఎదురుగా పట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి, చాలాసేపు పరిశీలించాడు.

"క్రాబ్‌ట్రీ గారూ, మీరు చూస్తున్నది ఫొటో వెనకవైపు" అన్నారు జడ్జిగారు. "అందులో ఏమీ లేదు."

"నాకు కనిపిస్తున్నదీ అదే మేడమ్."

జడ్జిగారు కలం కింద పెట్టారు. "మీకు చూపు ఉందా?"

పాగ్సన్ దగ్గాడు. మళ్లీ దగ్గాడు. మూడో దగ్గుకి జడ్జిగారు ఆయన వైపు చూసిన చూపుకి ఊపిరి కూడా బిగబట్టుకున్నాడు. నెవిల్ జడ్జి ఎదుట అబద్ధమాడటం అలవాటు లేని తరం మనిషి.

"లేదు మేడమ్. ఆరేళ్లయింది."

"ఈ ఒక్క వాక్యం తొమ్మిది నెలల కిందట రాసి ఉంటే మనమెవ్వరం ఇక్కడ ఉండేవాళ్లం కాదు. ఎందుకు రాయలేదు?"

"రాస్తే మళ్లీ నన్ను డ్రైవర్ అనేవాళ్లు ఉండరు కదా మేడమ్" అన్నాడు నెవిల్. "వీళ్లొక్కళ్లే అంటున్నారు."

 ఆ ముసలి మొండిఘటం మీద నాకూ ఇన్నాళ్లూ కోపమే కానీ, ఆ మాట తెలిశాక మాత్రం మనసు పాడైపోయింది. డోరీన్ చేత్తో నోరు మూసుకుంది. జడ్జిగారు నెమ్మదిగా, నడిపింది ఈయన కాదు, నోటీసు గడువులో రాలేదు, దావా కొట్టేస్తున్నాను అని చెప్పి కాగితం మీద రాసుకున్నారు.

అక్కడితో అయిపోవాల్సింది. ఓడిన కుర్రాడు ఊరుకోలేక, ఫైలు సర్దుకుంటూ గొణిగాడు. "ఎవరు నడిపారోగానీ, కారు అలా అడ్డదిడ్డంగా పెట్టిన మనిషి చేతికి స్టీరింగ్ ఇవ్వడమే తప్పు."

నెవిల్ కుర్చీ వెనక్కి తోసుకుని లేచాడు. "ఏమన్నావ్ బాబూ?"

"క్రాబ్‌ట్రీ గారూ, కేసు ముగిసింది. మీరు ఇంకేమీ చెప్పనక్కర్లేదు" అన్నారు జడ్జిగారు.

"చెప్పకురా, మహానుభావా, చెప్పకు!" అని పాగ్సన్ వెనకనుంచి బతిమాలాడు.

"చెప్తా. అడ్డదిడ్డం కాదది. నా వైపు తలుపు బారుగా తెరుచుకోవాలని, నేను కాలు పెట్టే చోటికి ఏ బండీ రాకూడదని, తన తలుపుని సామాను ట్రాలీలు నిలిపే కటకటాలకి ఆనించేస్తుంది. గీత దాటేది అందుకు. తను దిగడానికి దారే ఉండదు. నేను దిగాక నా సీటు మీదుగా పాక్కుంటూ, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ దిగుతుంది, అరవై తొమ్మిదేళ్ల మనిషి. నాకు వినపడదనుకుంటుంది. ముప్ఫై ఏళ్లు నేను బస్సు నడిపాను, ఒక్క ప్రయాణికుడి కోసం ఆ పని చెయ్యలేదు. డ్రైవర్ ఆవిడ. మా డోరీన్. నడిపేది మా ఆవిడే, ఆరేళ్లుగా."

పాగ్సన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయిపోయింది! పేరు కూడా చెప్పేశాడు. ఇప్పుడు ఆవిడ మీద వేస్తారు కొత్త కేసు!"

నిజంగానే కుర్ర లాయరు అప్పటికే కలం తీశాడు. డోరీన్ కళ్లు తుడుచుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి అతని పక్కన నిలబడింది.

"రాసుకో నాయనా, సరిగ్గా రాసుకో. డోరీన్ మే క్రాబ్‌ట్రీ. పక్కన డ్రైవర్ అని కూడా రాయి. ఇంతమందిలో చెప్పాడుగా మా ఆయన."